డిక్రీ నుంచి చేతికి డబ్బు దాకా: ఒక ప్రోనోటు ఈపీ కేస్ స్టడీ

ఫైలులో ఉన్నది

కోస్తా ఆంధ్రలో ఒక జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. ప్రోనోటు మీద వేసిన మామూలు దావా, అందులో వచ్చిన డిక్రీ (డబ్బు కట్టాలన్న కోర్టు నిర్ణయం), ఆ డిక్రీ అమలుకు వేసిన ఈపీలు (ఎగ్జిక్యూషన్ పిటిషన్లు). ఇలాంటి ఫైళ్లలో పదేపదే ఎదురయ్యే మలుపులను ఇక్కడ ఒకే కేసుగా కూర్చాం. పేర్లు, ఊళ్లు లేవు. అంకెలు లెక్కకు వీలుగా సరిచేసినవి. చట్టం మాత్రం ఉన్నది ఉన్నట్టే.

అసలు 2,50,000 రూపాయలు, నూటికి నెలకు రూపాయి వడ్డీ. నోటు మీద రెండు సంతకాలున్నాయి. మొదటివాడు డబ్బు తీసుకున్న రైతు, పక్కన ఎరువుల దుకాణం కూడా నడుస్తుంది. రెండోవాడు అతని బంధువు, ప్రభుత్వ టీచరు, పూచీగా సంతకం పెట్టాడు. నోటు రాసిన రెండేళ్ల తొమ్మిది నెలలకు దావా పడింది. మూడేళ్ల కాలపరిమితికి ఇంకా మూడు నెలలే ఉంది. అప్పటికి వడ్డీ 82,500. దావా మొత్తం 3,32,500.

రెండేళ్లకు ఇద్దరి మీదా ఉమ్మడిగా, విడివిడిగా డిక్రీ వచ్చింది. దావా తేదీ నుంచి డిక్రీ తేదీ దాకా అసలు మీద 12 శాతం, ఆ తర్వాత వసూలయ్యేదాకా 6 శాతం, పైన ఖర్చులు 22,500. డిక్రీ నాటికి లెక్క 4,15,000. అక్కడి నుంచి నెలకు 1,250 చొప్పున పెరుగుతుంది. డిక్రీ తర్వాతి వడ్డీ అసలు మీదే నడుస్తుంది, మొత్తం మీద కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 34 ప్రకారం వ్యాపార లావాదేవీ కాని అప్పుకు అది 6 శాతం దాటదు. 4,15,000 మీద 6 శాతం వేసి తెచ్చిన ఈపీలు ఆఫీసు అభ్యంతరంతో వెనక్కి వస్తుంటాయి. ఒక్కోసారి ఆ తప్పు ఎవరి కంటా పడక ఈపీకి నంబరు పడి విచారణకు కూడా వస్తుంది. తర్వాత అవతలి వకీలు కౌంటరులో ఆ ఒక్క తప్పునే పట్టుకుని మూడు వాయిదాలు లాగుతాడు.

డిక్రీకి ముందే చేజారినది

ఈ వసూలు కష్టం కావడానికి కారణం ఈపీలో లేదు, దావాలోనే ఉంది. సమన్లు అందిన మూడు వారాలకు మొదటి ప్రతివాది తన ఎకరా 60 సెంట్ల పొలాన్ని భార్య పేరిట గిఫ్ట్ సెటిల్‌మెంట్ రిజిస్టర్ చేశాడు. దావాతోపాటు ఆర్డర్ 38 రూల్ 5 కింద తీర్పుకు ముందు జప్తు అడిగి, ఆ పొలం సర్వే నంబరు షెడ్యూలులో (ఆస్తి జాబితాలో) పెట్టి ఉంటే ఆ దస్తావేజు డిక్రీదారు (డిక్రీ పొందినవాడు) ముందు చెల్లేది కాదు. జప్తు తర్వాత చేసిన ప్రైవేటు బదిలీ సెక్షన్ 64 ప్రకారం అతని మీద పనిచేయదు. పైగా తీర్పుకు ముందు పెట్టిన జప్తును డిక్రీ వచ్చాక మళ్లీ పెట్టనక్కర్లేదు, రూల్ 11 ఆ మాట చెబుతుంది.

‘దావా నడుస్తుండగా రాసిన దస్తావేజు ఎలాగూ చెల్లదు కదా’ అని కక్షిదారులు ధీమాగా ఉంటారు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 వర్తించేది ఆ ఆస్తి మీదే తగాదా ఉన్న దావాకు. డబ్బు కోసం వేసిన దావాలో ప్రతివాది పొలం తగాదాలో ఉన్నట్టు కాదు. కాబట్టి అప్పు దావా పెండింగులో ఉందన్న ఒక్క కారణంతో ఏ అమ్మకమూ రద్దు కాదు.

జప్తు అడిగే అఫిడవిట్‌లో ‘అమ్మేస్తాడని భయంగా ఉంది’ అంటే సరిపోదు. ఎవరితో బేరం నడుస్తోంది, ఏ మధ్యవర్తి ద్వారా, బయానా తీసుకున్నాడా, మిగతా ఆస్తి ఏమిటి అన్న వివరాలు కావాలి. అవి చెప్పగల మూడో మనిషి అఫిడవిట్ జతచేస్తే కోర్టు నమ్ముతుంది.

మొదటి ఈపీ: అరెస్టు

డిక్రీ వచ్చిన ఐదో నెలలో మొదటి జేడీఆర్ (జడ్జిమెంట్ డెటార్, అంటే డిక్రీ ప్రకారం బాకీ ఉన్నవాడు, ఇక్కడ ఆ రైతు) మీద అరెస్టు కోరుతూ ఈపీ పడింది. చాలా ఫైళ్లు ఇలాగే మొదలవుతాయి. కక్షిదారు కోపంలో ఉంటాడు, ఎదుటివాణ్ని జైలుకు పంపితే కుటుంబం డబ్బు తెచ్చి కడుతుందని ఆశ. ఆ ఆశ ఎప్పుడూ నెరవేరదని చెప్పలేం. కానీ ఆ దారిలో చట్టం డిక్రీదారు మీద మోపే బరువు చాలా ఎక్కువ.

ఆర్డర్ 21 రూల్ 37 కింద (ఇకపై ఉత్త రూల్ అంటే ఆర్డర్ 21ది, ఉత్త సెక్షన్ అంటే సివిల్ ప్రొసీజర్ కోడ్‌ది) నోటీసు వెళ్తుంది, జేడీఆర్ వస్తాడు, ‘ఆస్తి లేదు, సంపాదన లేదు’ అని కౌంటరు వేస్తాడు. అప్పుడు రూల్ 40 కింద విచారణ. డిక్రీ తర్వాత అతనికి కట్టగల స్తోమత ఉందని, ఉండీ కట్టడం లేదని చూపించాల్సింది డిక్రీదారే. లేదా దావా తర్వాత మోసపూరితంగా ఆస్తి బదిలీ చేశాడని, దాచాడని, పరారయ్యే ప్రయత్నంలో ఉన్నాడని చూపించాలి. అవన్నీ సెక్షన్ 51 ప్రొవైజో (షరతు) మాటలు. కట్టకపోవడం ఒక్కటే జైలుకు కారణం కాదని, కట్టగలిగీ దురుద్దేశంతో ఎగవేయడం కనిపించాలని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పును జేడీఆర్ తరఫు వకీళ్లు ఇప్పటికీ ప్రతి విచారణలో చదువుతారు.

ఈ కేసులో డిక్రీదారు సాక్ష్యం మూడు వాక్యాలు: అతనికి ఎరువుల షాపు ఉంది, పొలం ఉంది, పిల్లలు ప్రైవేటు కాలేజీలో చదువుతున్నారు. ఒక్క కాగితం లేదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో షాపు లైసెన్సు ఎవరి పేరిట ఉందని అడిగితే తెలియదన్నాడు. గిఫ్ట్ సెటిల్‌మెంట్ నకలు దాఖలు చేసి ఉంటే ‘మోసపూరిత బదిలీ’ కిందనైనా అరెస్టుకు కారణం దొరికేది. ఆ దస్తావేజు సంగతి అప్పటికి ఎవరూ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల సర్టిఫికెట్) తీసి చూడలేదు. పద్నాలుగు నెలల తర్వాత ఈపీ డిస్మిస్ అయింది.

అరెస్టు అడిగే ముందు కక్షిదారుకు చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. డబ్బు డిక్రీలో స్త్రీని అరెస్టు చేయించడం కుదరదు (సెక్షన్ 56). జైలు కాలం 5,000 రూపాయలు దాటిన డిక్రీకి గరిష్ఠంగా మూడు నెలలు, 2,000 నుంచి 5,000 దాకా ఆరు వారాలు, అంతకు తక్కువైతే జైలే లేదు. లోపల ఉన్నన్నాళ్లూ తిండి బత్తా డిక్రీదారే ముందుగా కోర్టులో కట్టాలి, కట్టకపోతే వదిలేస్తారు. బయటికి వచ్చాక బాకీ అలాగే ఉంటుంది గానీ అదే డిక్రీలో మళ్లీ అరెస్టు అడగలేరు. ఒక్కసారికే పనికొచ్చే ఈ దారిని కాగితాలు చేతిలో లేకుండా మొదటే వాడుకోవడం, నా దృష్టిలో, డిక్రీదారు తనకు తాను చేసుకునే నష్టం.

చేతికిచ్చిన 50,000

ఆ ఈపీ నడుస్తుండగా, డిక్రీ వచ్చిన పదో నెలలో, పెద్దమనుషుల మధ్య మొదటి జేడీఆర్ 50,000 నగదు ఇచ్చాడు. కోర్టులో ఎవరూ నమోదు చేయలేదు. తర్వాత అతను 1,50,000 ఇచ్చానని వాదించాడు.

ఆర్డర్ 21 రూల్ 2 ఇక్కడ కీలకం. కోర్టు బయట జరిగిన చెల్లింపును డిక్రీదారు కోర్టుకు తెలిపి నమోదు చేయించాలి. అతను చేయకపోతే జేడీఆర్ 30 రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. నమోదు కాని చెల్లింపును ఈపీ కోర్టు లెక్కలోకి తీసుకోదు. జేడీఆర్ చెప్పే చెల్లింపుకు బ్యాంకు ఆధారమో, రాతపూర్వక సాక్ష్యమో, డిక్రీదారు ఒప్పుకోలో ఉండాలి. అందుకే లక్షన్నర వాదన నిలవలేదు. డిక్రీదారు 50,000 ఒప్పుకుని తర్వాతి ఈపీలో చూపించాడు. అదే సరైన పద్ధతి. దాచిపెట్టి, తర్వాత క్రాస్‌లో బయటపడితే మిగతా సాక్ష్యమంతా పలచనవుతుంది.

ఆ 50,000 దేనికి జమ? డిక్రీలో వేరే మాట లేకపోతే ముందు వడ్డీకి, ఖర్చులకు, ఆ తర్వాతే అసలుకు. కాబట్టి అసలు 2,50,000 తగ్గలేదు, నెలకు 1,250 ఆగలేదు. ‘యాభై వేలు ఇచ్చాను, అసలు రెండు లక్షలే’ అనే వాదన జేడీఆర్లు మనస్ఫూర్తిగా నమ్మి చేస్తారు. లెక్క షీటు వేసి చూపిస్తే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఆస్తి వెతకడం

రెండో ఈపీకి ముందు రెండు వారాలు కాగితాల కోసమే కేటాయించారు. అసలు వసూలు అక్కడే మొదలైంది. ఈపీ ఎంత బాగా రాశామన్నదాని కన్నా షెడ్యూలులో ఏముందన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

పొలానికి: మీభూమిలో 1-బి, అడంగల్, తెలంగాణలో అయితే భూభారతిలో ఆ వివరాలు. సబ్ రిజిస్ట్రార్ పరిధిలో ఈసీని సర్వే నంబరుతోనూ, పేరుతోనూ వేర్వేరుగా తీయాలి. పేరు అక్షరాల్లో చిన్న తేడా వచ్చినా పేరు వెతుకులాటలో దస్తావేజు దొరక్కపోవచ్చు, సర్వే నంబరుతో దొరుకుతుంది. ఇక్కడ గిఫ్ట్ సెటిల్‌మెంట్ అలాగే బయటపడింది. దాని సర్టిఫైడ్ నకలు తీసుకుంటే రిజిస్ట్రేషన్ తేదీ, సమన్లు అందిన తేదీ పక్కపక్కన కనిపించాయి. ఇంకో సంగతి కూడా తెలిసింది: ఆ పొలం మీద సహకార సంఘం పంట రుణం మొదటి జేడీఆర్ పేరిటే నడుస్తోంది, సెటిల్‌మెంట్ తర్వాత కూడా రెన్యువల్ అయింది.

దుకాణానికి: ఒక బిల్లు సంపాదిస్తే దాని మీద జీఎస్‌టీ నంబరు ఉంటుంది, పోర్టల్‌లో కొడితే చట్టబద్ధమైన పేరు వస్తుంది. వచ్చింది బావమరిది పేరు. అంటే షాపులో సరుకు జప్తుకు వారంటు తీసుకుంటే అమీనా (కోర్టు ఆదేశాన్ని అమలు చేసే ఉద్యోగి) వెళ్లిన రోజే బావమరిది సరుకు తనదంటూ క్లెయిమ్ పిటిషన్ వేస్తాడు. ఆ దారి వదిలేశారు.

ఇంటికి: సాగు మీద బతికే రైతు తాను ఉంటున్న ఇల్లు సెక్షన్ 60(1)(సి) కింద జప్తుకు రాదు. వంటపాత్రలు, బట్టలు, మంచాలు, సేద్యం పనిముట్లు, ఎద్దులు, విత్తనాలు కూడా అంతే. కూలీల వేతనం, పెన్షన్, ప్రావిడెంట్ ఫండ్, జీవిత బీమా పాలసీ డబ్బు కూడా ముట్టుకోలేరు. ఈ జాబితా చదవకుండా వేసిన ఈపీలు ఎన్నో అమీనా రిటర్నుతోనే ముగిసిపోతాయి.

వీటన్నిటితోపాటు రూల్ 41 ఉంది. డిక్రీ 30 రోజులపాటు తీరకుండా ఉంటే, జేడీఆర్ తన ఆస్తుల వివరాలను అఫిడవిట్‌గా దాఖలు చేయాలని కోర్టును కోరవచ్చు. ఆదేశం ధిక్కరిస్తే మూడు నెలల దాకా సివిల్ జైలు. అఫిడవిట్‌లో నిజం రాస్తాడని కాదు. రాసిన అబద్ధం తర్వాత విచారణలో పనికొస్తుంది. ఇక్కడ మొదటి జేడీఆర్ ‘ఇల్లు తప్ప ఏమీ లేదు, పొలం భార్య సాగు చేసుకుంటోంది’ అని రాశాడు. పంట రుణం అతని పేరిట ఎందుకుందో చెప్పలేకపోయాడు.

రెండో ఈపీ: జీతం

డిక్రీ వచ్చిన ఇరవయ్యో నెలలో రెండో ఈపీ పడింది. లెక్క: 4,15,000కు 25,000 వడ్డీ కలిపి, 50,000 తీసేస్తే 3,90,000. అప్పుడే వేయడానికి ఒక కారణం ఉంది. డిక్రీకి రెండేళ్లు దాటితే రూల్ 22 కింద ముందస్తు నోటీసు తప్పనిసరి. ఆ నోటీసు జేడీఆర్‌కు ఇంకో దస్తావేజు రాసుకునే వ్యవధి ఇస్తుంది. ఈపీకి మొత్తం కాలపరిమితి 12 ఏళ్లు ఉంది కదా అని తీరిగ్గా కూర్చునేవాళ్లు ఈ రెండేళ్ల గీత చూడరు.

డిక్రీ ఇద్దరి మీదా ఉమ్మడిగా, విడివిడిగా ఉంది కాబట్టి ముందు అప్పు తీసుకున్నవాణ్నే పట్టుకోవాలన్న నియమం లేదు. పూచీదారు టీచరు పక్క జిల్లాలో పనిచేస్తున్నాడు. మొదటి ఈపీ నాడు అతన్ని వదిలేయడానికి ఆ జిల్లాయే కారణం. డిక్రీని అక్కడి కోర్టుకు బదిలీ చేయించాలేమో, అదంతా ఆలస్యం అనుకున్నారు. భూమి జప్తుకైతే నిజమే, తన హద్దుల బయట ఉన్న ఆస్తి మీద కోర్టు చేయి వేయకూడదని సెక్షన్ 39(4) అంటుంది. కానీ ప్రభుత్వ ఉద్యోగి జీతానికి రూల్ 48 వేరు. ఉద్యోగి, జీతం ఇచ్చే అధికారి కోర్టు హద్దుల్లో ఉన్నా లేకపోయినా డిక్రీ ఇచ్చిన కోర్టే నేరుగా ఆదేశం పంపవచ్చు. ప్రైవేటు ఉద్యోగికి మాత్రం ఈ వెసులుబాటు లేదు, రూల్ 48ఏ కింద జీతం ఇచ్చే అధికారి ఆ కోర్టు హద్దుల్లోనే ఉండాలి.

 

జీతం ఈపీకి కావాల్సినవి మూడు: ఉద్యోగి పూర్తి పేరూ హోదా, జీతం వివరం, డ్రాయింగ్ అండ్ డిస్బర్సింగ్ ఆఫీసరు, అంటే డీడీఓ ఎవరన్నది. మండల పరిషత్ పాఠశాల టీచరుకు సాధారణంగా డీడీఓ మండల విద్యాశాఖాధికారి, ఉన్నత పాఠశాలలో అయితే ప్రధానోపాధ్యాయుడు. ఆదేశం జిల్లా విద్యాశాఖాధికారికి పంపితే అక్కడి నుంచి కిందికి దిగేసరికి నెలలు గడుస్తాయి. ఉద్యోగుల నెలవారీ వేతనాన్ని కార్యాలయమే ప్రకటించాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి)లో ఉంది, దరఖాస్తులో అదే రాసి అడగాలి. కోతలు, అప్పుల వివరం అడిగితే వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపుతారు, అవి మనకు అవసరం కూడా లేదు. ఇంకొకటి, పదవీ విరమణ తేదీ. ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61. విరమణకు ఏడాదే ఉంటే ఆ ఏడాది జీతమే దొరుకుతుంది, తర్వాత వచ్చే పెన్షన్, గ్రాట్యుటీ జప్తుకు రావు.

లెక్క ఇలా వేస్తారు. ప్రభుత్వం మినహాయించిన అలవెన్సులు తీసేయగా టీచరు జీతం 52,000. అందులో మొదటి 1,000 మినహాయింపు. మిగిలిన 51,000లో మూడింట రెండు వంతులు మినహాయింపు. జప్తుకు దొరికేది 17,000. చాలా మంది ‘చేతికొచ్చే జీతంలో మూడో వంతు’ అనుకుంటారు. సొసైటీ అప్పు, చీటీ, సొంత బీమా కోతలు తీసేశాక మిగిలే మొత్తం మీద లెక్క వేయరు. తన జీతాన్ని అప్పుల్లో పెట్టుకుని జప్తు తప్పించుకోవడం కుదరదు.

ఒకే డిక్రీలో జీతం జప్తు మొత్తం 24 నెలలే. మధ్యలో ఆగి మొదలైనా అన్నీ కలిపి 24. అది నిండాక ఆ డిక్రీకి ఆ జీతం శాశ్వతంగా మినహాయింపు. అంటే 17,000 చొప్పున గరిష్ఠంగా 4,08,000 వస్తుంది. బాకీ దాని అంచునే ఉంది. అందుకే ఈ ఈపీలో జీతం ఒక్కటే అడగలేదు, పొలం జప్తు కూడా అడిగారు.

ఇరవై రెండో నెలలో ఆదేశం వెళ్లింది, ఇరవై నాలుగో నెల జీతం నుంచి కోత మొదలైంది. అప్పటికి బాకీ 3,95,000. ఏడు కోతలు సాఫీగా వచ్చాయి. ఎనిమిదో నెల డబ్బు రాలేదు. టీచరుకు బదిలీ అయింది, పాత మండలం నుంచి వెళ్లిన ఎల్‌పీసీ (లాస్ట్ పే సర్టిఫికెట్)లో జప్తు ప్రస్తావన లేదు, కొత్త డీడీఓకు ఆదేశం సంగతే తెలియదు. మూడు నెలలు అలా పోయాయి. కొత్త డీడీఓ పేరిట తాజా ఆదేశం కోసం మెమో వేసి, ఆదేశాన్ని మీరి జీతం చెల్లిస్తే ఆ మొత్తానికి ప్రభుత్వమే బాధ్యత వహించాలన్న రూల్ 48(3)ని అందులో ఎత్తిరాశాక పదకొండో నెల నుంచి మళ్లీ మొదలైంది. బదిలీల సీజన్లో టీచరు ఎక్కడికి వెళ్లాడో డిక్రీదారే కనిపెట్టుకుని ఉండాలి. ఆ పని ఇంకెవరూ చేయరు.

జీతం విషయంలో వేగం ఎందుకంటే, ఇంకో డిక్రీదారు ముందుగా జప్తు పెట్టి ఉంటే డీడీఓ మన ఆదేశాన్ని వివరాలతో సహా కోర్టుకు తిప్పి పంపుతాడు. దొరికే వంతు ఒక్కటే, ముందొచ్చిన ఆదేశం తీరేదాకా రెండోది ఆగుతుంది.

కోర్టుకు వచ్చిన డబ్బు దానంతట అది డిక్రీదారు ఖాతాలో పడదు. ప్రతి జమ వివరంతో చెక్ పిటిషన్ (ఆ డబ్బు తనకు ఇవ్వమని కోర్టును అడిగే దరఖాస్తు) వేయాలి. మూడు నెలలకోసారి వేస్తే సరిపోతుంది. ఏళ్ల తరబడి వేయకుండా, డబ్బు రాలేదనుకుంటున్న కక్షిదారులు ఉన్నారు.

పొలం, భార్య క్లెయిము

రూల్ 54 కింద పొలం జప్తు అయింది. టముకు వేయించి, పొలంలో, కోర్టులో, పంచాయతీ కార్యాలయంలో నోటీసు అంటించాలి. అమీనా రిపోర్టులో టముకు వేసిన మనిషి, సాక్షుల సంతకాలు, హద్దులు సరిగా ఉన్నాయో లేదో అదే వారం చూసుకోవాలి. వేలం అయ్యాక రూల్ 90 కింద రద్దు పిటిషన్లు వేలం ప్రకటనలో ఇలాంటి లోపాల మీదే నడుస్తాయి, జప్తులో లోపం ఒక్కటే అందుకు చాలదు గానీ దాన్నీ ఎత్తిచూపుతారు.

అనుకున్నట్టే భార్య రూల్ 58 కింద క్లెయిమ్ పిటిషన్ వేసింది: పొలం నాది, భర్త అప్పుతో నాకు సంబంధం లేదు. దీనికి జవాబు ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 53. అప్పులవాళ్లను దెబ్బతీయడానికి చేసిన బదిలీని వాళ్లు కాదనవచ్చు. ప్రతిఫలం ఇచ్చి, నమ్మకంతో కొన్నవాళ్లకే రక్షణ. గిఫ్ట్‌లో ప్రతిఫలం లేదు. తేదీలు మూడు వారాల ఎడంలో ఉన్నాయి. పంట రుణం భర్త పేరిటే సాగింది. అతనికి వేరే చెప్పుకోదగ్గ ఆస్తి మిగల్లేదని అతని రూల్ 41 అఫిడవిట్టే చెబుతోంది. ఈ నాలుగూ కాగితాలే, నోటిమాట ఒక్కటీ లేదు. క్లెయిము కొట్టేశారు. ఇవన్నీ క్లెయిమ్ పిటిషన్‌లోనే తేలాలి, వేరే దావా అక్కర్లేదు. ఆ ఆదేశానికి డిక్రీ బలం ఉంటుంది కాబట్టి ఆమె అప్పీలుకు వెళ్లింది.

ఈ దశలో ఒక ప్రమాదం దాదాపు ఎదురైంది. వేలం ప్రకటన బత్తా (ఆ ఖర్చుకు కోర్టులో కట్టే రుసుము) గడువులో కట్టలేదని ఈపీని డిస్మిస్ చేయబోయారు, ఆ రోజే మెమో వేసి గడువు తీసుకున్నారు. ఈపీ డిస్మిస్ అయినప్పుడు జప్తు కొనసాగుతుందని కోర్టు ప్రత్యేకంగా చెప్పకపోతే, రూల్ 57 ప్రకారం జప్తు పోయినట్టే. ఈపీ మళ్లీ వేసుకోవచ్చు, 12 ఏళ్లున్నాయి. కానీ ఆ మధ్యలో జేడీఆర్ అమ్మేస్తే అడ్డుకోలేరు. కొన్ని వందల రూపాయల బత్తా కోసం పొలం చేయిజారినట్టవుతుంది.

‘ఐపీ పెడతా’

క్లెయిము కొట్టేశాక మొదటి జేడీఆర్ ఐపీ (దివాలా పిటిషన్) పెడతానన్నాడు. ఊళ్లల్లో ఆ మాట వినగానే అప్పిచ్చినవాళ్లు పదికి మూడుకు దిగొస్తారు. తొందరపడనక్కర్లేదు. వ్యక్తుల దివాలాకు మన దగ్గర ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. పిటిషన్ దాఖలైనంత మాత్రాన ఈపీ ఆగదు. పిటిషన్ అడ్మిట్ అయిందన్న నోటీసు ఈపీ కోర్టుకు అందితే జప్తు ఆస్తి రిసీవరుకు (దివాలా ఆస్తిని చూసేందుకు కోర్టు నియమించే వ్యక్తికి) వెళ్లవచ్చు, అడ్మిషన్‌కు ముందు వసూలైన డబ్బు మాత్రం డిక్రీదారుదే. దివాలా తీర్పు వస్తే, పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపు చేసిన ఇలాంటి బదిలీలను రిసీవరు రద్దు చేయించగలడు. ఇక్కడ సెటిల్‌మెంట్ ఆ గడువు దాటిపోయింది. అన్నిటికన్నా ముఖ్యం, అసలు బాకీదారు ఐపీ పెట్టినా పూచీదారు బాధ్యత పోదు. జీతం కోత ఆగదు. ఆ సంగతి అర్థమయ్యాక అతను ఐపీ పెట్టలేదు.

ఆఖరి 12,800

ఇరవై నాలుగు కోతలు పూర్తయ్యేసరికి 4,08,000 వచ్చింది. ఆ కాలంలో పెరిగిన వడ్డీ కలిపి చూస్తే ఇంకా సుమారు 12,800 మిగిలింది. బదిలీ వల్ల మూడు నెలల ఖాళీ రాకపోతే అది 9 వేల లోపే ఉండేది. జీతం దారి మూసుకుపోయింది, మిగిలింది పొలమే. వేలానికి రూల్ 66 నోటీసు అడిగినప్పుడు, బాకీకి సరిపడా భాగాన్నే అమ్మాలన్న రూల్ 64 గుర్తుంచుకుని, షెడ్యూలును ఎకరా 60 సెంట్ల నుంచి రోడ్డు వైపు ఐదు సెంట్లకు కుదించారు. పన్నెండు వేలకు పొలమంతా వేలం వేయిస్తే ఆ వేలం నిలవదు, అన్యాయం కూడా. తన పొలం అంచు ముక్క వేలంలో ఇంకొకరికి పోతుందని తెలిశాక మొదటి జేడీఆర్ వాయిదాకు ముందే చెలాను కట్టి కోర్టులో జమ చేశాడు.

డిక్రీ నుంచి పూర్తి చెల్లు దాకా నాలుగేళ్లు దాటింది. ఈపీలు ఆరు నెలల్లో తేల్చాలని 2021లో రాహుల్ షా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది, 2025 మార్చిలో పెరియమ్మాళ్ కేసులో మళ్లీ గట్టిగా చెప్పింది. అదే కేసులో ఆ అక్టోబరు నాటికి కోర్టు ముందుకు వచ్చిన లెక్క ప్రకారం దేశంలో పెండింగు ఈపీలు 8.82 లక్షలకు పైనే. ఈ తీర్పులను వాయిదా మెమోకు జతచేయడం ఉపయోగమే. వాయిదా దూరంగా పడుతున్నప్పుడు దగ్గరి తేదీ అడగడానికి అవి ఆధారం. కానీ ఈ కేసులో పోయిన కాలంలో పెద్ద ముక్క కోర్టుది కాదు. కాగితం లేకుండా నడిపిన అరెస్టు ఈపీ పద్నాలుగు నెలలు తినేసింది. జీతం జప్తు మొదటి ఈపీలోనే అడిగి ఉంటే పదిహేను నెలల ముందే ఆ దారి తెరుచుకునేది.

చెల్లు నమోదయ్యాక పొలం జప్తు ఎత్తేశారు, అప్పీలులో తేల్చాల్సింది ఏమీ మిగల్లేదు. ఇక టీచరు. 4,08,000 అతని జీతం నుంచి పోయింది. పూచీదారుగా ఆ మొత్తాన్ని అసలు బాకీదారు నుంచి రాబట్టుకునే హక్కు అతనికి ఉంది. కాలపరిమితి మూడేళ్లు, చెల్లించిన తేదీ నుంచి లెక్క. ఇక్కడ చెల్లింపు ఒక్కటి కాదు, 24 కోతలు. మొదటి కోత జరిగి అప్పటికే రెండేళ్లు దాటింది. అతను వెంటనే డీడీఓ దగ్గర కోతల సర్టిఫికెట్, కోర్టు నుంచి పూర్తి చెల్లు ఆదేశం నకలు తీసుకుని దావా వేసుకోవాలి. అందులో ఆ ఎకరా 60 సెంట్ల మీద తీర్పుకు ముందు జప్తు మొదటి రోజే అడగాలి.